గోథిక్ మెటల్ ఆల్బమ్ రికార్డు చేసే విధానం: పాట కట్టుకోవడం నుంచి మాస్టరింగ్ దాకా

చీకటి, విషాదం నిండిన మెటల్ సంగీతమైన గోథిక్ మెటల్‌లో ఆల్బమ్ చేయడానికి పూనుకునే కొత్త బ్యాండ్లలో ఒక అలవాటు తరచుగా కనిపిస్తుంది. మామూలు మెటల్ పాటలే రాసుకుని, రికార్డింగంతా పూర్తయ్యాక ట్రాకులన్నీ కలిపే మిక్సింగ్ దశలో కాస్త రివర్బ్ (ప్రతిధ్వని), బృందగానం, చర్చి ఆర్గన్ కలిపితే పాటకు ఆ చీకటి దానంతట అదే వస్తుందని అనుకుంటారు. అలా రాదు. ఈ సంగీతంలోని విషాదం లయ ఎంత నిదానంగా నడుస్తోంది, ఏ వాద్యం ఎక్కడ మౌనంగా ఉంది, ఏ గొంతు ఏ స్థాయిలో పాడుతోంది అన్న మూడు నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది. ఈ మూడూ స్టూడియోలో అడుగుపెట్టక ముందే తేల్చుకోవలసినవి కాబట్టి, ఇక్కడ చెప్పబోయే దానిలో చాలా భాగం మైక్రోఫోన్ దగ్గరికి వెళ్లక ముందు చేయవలసిన పని గురించే ఉంటుంది.

ముందుగా మీ బ్యాండ్ ఏ శాఖకు చెందిందో నిర్ణయించుకోండి. ఉత్తర ఇంగ్లండ్‌లోని హాలిఫాక్స్‌కు చెందిన పారడైజ్ లాస్ట్ 1991లో విడుదల చేసిన ‘గోథిక్’ ఆల్బమ్‌లో డూమ్ మెటల్ (నిదానంగా సాగే మెటల్) బరువు, గరుకు గొంతు, దానికి తోడుగా ఒక స్త్రీ గొంతు, వాద్యబృందపు ధ్వనులు కలిసి వినిపిస్తాయి. ఈ ప్రక్రియకు పేరు కూడా ఆ ఆల్బమ్‌తోనే స్థిరపడింది. అక్కడ పాటను మోసేది గాయకుడి కంటే ఎక్కువగా గిటార్‌పై ఒక్కో స్వరంగా మీటుతూ సాగే ఏకస్వర రాగం. నార్వేకు చెందిన థియేటర్ ఆఫ్ ట్రాజెడీ 1995 నాటి తొలి ఆల్బమ్‌లో మగ గొంతు గ్రౌల్‌గా (లోతుగా గుర్రుమంటూ), ఆడ గొంతు సోప్రానోగా (అన్నిటికంటే పైస్థాయిలో) సంభాషించుకునే పద్ధతిని పాట నిర్మాణానికే ఆధారం చేసుకుంది. అమెరికాలోని బ్రూక్లిన్ నుంచి వచ్చిన టైప్ ఓ నెగటివ్ 1993లో తెచ్చిన ‘బ్లడీ కిసెస్’‌లో లోతైన బారిటోన్ గొంతు, కీబోర్డులు, వ్యంగ్యం కలగలిసి ఉంటాయి. ఈ మూడింటినీ ఒకే ఆల్బమ్‌లో కుదించబోతే ఏదీ సరిగా నిలబడదు. ఒకదాన్ని ఇరుసుగా పెట్టుకుని, మిగిలిన రెండింటి నుంచి అక్కడక్కడ అరువు తెచ్చుకోవడం మేలు.

ఈ ఆల్బమ్‌లను ఊరికే వినడం వేరు, పని కోసం వినడం వేరు. ఒక పాటను ఎంచుకుని, కాగితం మీద నిమిషాలూ సెకన్లూ వేసుకుని, ప్రతి భాగంలో ఎన్ని వాద్యాలు మోగుతున్నాయో రాసుకుంటూ వెళ్లండి. మనకు నిండుగా, బరువుగా అనిపించిన చోట నిజానికి మోగుతున్నవి నాలుగైదు శబ్దాలేనని తేలుతుంది. ఆ జాబితాను మీ సొంత పాట డెమో పక్కన పెట్టి చూస్తే, ఎక్కడెక్కడ అనవసరంగా శబ్దాలు పోగుపడ్డాయో ఎవరూ చెప్పనవసరం లేకుండానే అర్థమవుతుంది.

లయ సంగతికి వద్దాం. ఈ తరహా పాటలు ఎక్కువగా నిమిషానికి 60 నుంచి 110 బీట్ల మధ్య నడుస్తాయి. నిదానమైన లయలో కాలం ఎలా సాగుతుందో లెక్క వేసుకోకపోతే పాటలు చేతులు దాటిపోతాయి. నిమిషానికి 140 బీట్ల వేగంలో నాలుగు బార్ల (ఒక్కో బార్‌కు నాలుగు బీట్లు) రిఫ్‌ను, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ పదబంధాన్ని, నాలుగుసార్లు వాయిస్తే 28 సెకన్ల లోపే అయిపోతుంది. అదే రిఫ్ 70 బీట్ల వేగంలో దాదాపు 55 సెకన్లు తీసుకుంటుంది. వేగమైన త్రాష్ మెటల్ వాయించే అలవాటుతో రిఫ్‌ను నాలుగుసార్లు తిప్పే బ్యాండ్, నిదానమైన పాటలో కూడా అదే చేస్తే, పల్లవి రాకముందే శ్రోత విసిగిపోతాడు. రెండుసార్లు చాలు, మూడోసారి వాయించాలనిపిస్తే అందులో ఏదో ఒకటి మారాలి. డ్రమ్స్ తోడవ్వాలి, లేదా గిటార్ రాగం ఒక స్వరం పైకి ఎక్కాలి, లేదా ఒక వాద్యం ఉన్నట్టుండి ఆగిపోవాలి. పాట మొత్తం ఒకే వేగంలో ఉండాలన్న నియమమూ లేదు. చరణంలో 72 ఉన్న వేగాన్ని పల్లవిలో 74 చేస్తే ఆ తేడా ఎవరి చెవికీ విడిగా అందదు గానీ, పాట ముందుకు ఒరిగినట్టు అనిపిస్తుంది. ఇలాంటి మార్పులన్నిటినీ డెమో దశలోనే క్లిక్ ట్రాక్‌లో (లయను చూపే టిక్‌టిక్ శబ్దపు ట్రాక్‌లో) గుర్తించి ఉంచుకోండి.

శ్రుతి విషయంలో చాలా బ్యాండ్లు గిటార్‌ను మామూలు ‘ఈ’ స్వరం నుంచి ‘డి’, ‘సి’ లేదా ‘బి’ వరకు దించుతాయి. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకుని, తీగల బిగువు తగ్గించడానికి 1971 నాటి ఆల్బమ్‌లో గిటార్‌ను సి షార్ప్ వరకు దించాడు. అవసరం కోసం పుట్టిన ఆ బరువైన ధ్వని తరువాత డూమ్ మెటల్‌కూ, దాని ద్వారా గోథిక్ మెటల్‌కూ వారసత్వంగా వచ్చింది. అయితే శ్రుతి దించినంత మాత్రాన బరువు రాదు. బి శ్రుతిలో గిటార్ అడుగు తీగ కంపనం సుమారు 61.7 హెర్ట్జ్, దాని కింద బేస్ గిటార్ బి తీగ సుమారు 30.9 హెర్ట్జ్. మామూలు సన్నని తీగలను అంత కిందికి దించితే అవి వదులై, ప్రతి స్వరమూ వణుకుతుంది. అడుగు తీగ మందం 0.060 అంగుళం దరిదాపుల్లో ఉన్న సెట్ వేసుకోవాలి. వీలైతే 27 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న బారిటోన్ గిటార్ వాడాలి. తీగలు మార్చాక ఇంటోనేషన్‌ను (మెడ పొడవునా స్వరాలు శ్రుతిలో ఉండే అమరికను) అదే శ్రుతిలో కొత్తగా సరిచేసుకోకపోతే, కింద శ్రుతి కలిసిన కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) పన్నెండో ఫ్రెట్ దగ్గర కలవదు.

ఇక్కడ ఒక చిన్న విషయాన్ని దగ్గరగా చూడాలి. వదులుగా ఉన్న మందపాటి తీగను గట్టిగా మీటినప్పుడు, ఆ మీటు పడిన క్షణంలో స్వరం కొంచెం పైకి లేచి, ఆ తరువాతే అసలు స్థానానికి దిగుతుంది. మెత్తగా మీటుతూ ట్యూనర్‌లో సూది సరిగ్గా మధ్యలో నిలబెట్టి, ఆ తరువాత రికార్డింగ్‌లో బలంగా వాయిస్తే, ప్రతి కార్డ్ ఆరంభమూ కీబోర్డు కంటే పై శ్రుతిలో పడుతుంది. కీబోర్డు శ్రుతి కదలదు కాబట్టి ఆ అపశ్రుతి బయటపడుతుంది. అందువల్ల రికార్డింగ్‌లో ఎంత బలంతో వాయిస్తారో అంతే బలంతో మీటుతూ శ్రుతి చేయాలి. ప్రతి టేక్‌కు ముందు ఇలా సరిచూసుకోవడం విసుగే గాని, దీనికి ప్రత్యామ్నాయం లేదు.

స్వరాల ఎంపికలో కర్ణాటక సంగీతం కొంత తెలిసినవారికి ఒక సౌలభ్యం ఉంది. పాశ్చాత్యులు నాచురల్ మైనర్ అనే స్వరక్రమం నటభైరవి. హార్మోనిక్ మైనర్ అనేది 21వ మేళకర్త అయిన కీరవాణి. రెండింటికీ తేడా నిషాదంలోనే ఉంది: మొదటిదానిలో కైశికి నిషాదం, రెండోదానిలో కాకలి నిషాదం. పాటంతా కాకలి నిషాదమే మోగిస్తే సంగీతం నాటకీయంగా మారి, కాసేపటికి పలుచబడుతుంది. చరణాన్ని నటభైరవి స్వరాలతో నడిపించి, పల్లవికి వచ్చే మలుపులో మాత్రమే కాకలి నిషాదాన్ని తాకి తారస్థాయి షడ్జంలో ఆగితే, ఆ ఒక్క స్వరమే పాటకు గుర్తుగా మిగులుతుంది. గిటార్‌పై సాగే ఏకస్వర రాగాన్ని కూడా ఇలాగే పొదుపుగా కట్టాలి: అయిదారు స్వరాలు, పొడవైన విరామాలు, చివరి స్వరంపై నిదానమైన కంపనం. వేగంగా వాయించగలిగిన గిటారిస్టుకు ఈ నిగ్రహం చాలా కష్టం, అతని స్నేహితులకు ఆ సంగతి చెప్పడం ఇంకా కష్టం.

సాహిత్యం గురించి క్లుప్తంగా చెబుతాను. సమాధులు, కాకులు, రక్తం, వాడిన గులాబీలు ఇప్పటికే లెక్కలేనన్ని ఆల్బమ్‌లలో వచ్చాయి. మళ్లీ వాడితే తప్పు కాదు గానీ, వాటి వెనుక ఒక నిర్దిష్టమైన మనిషి, ఒక నిర్దిష్టమైన నష్టం కనిపించాలి. సాంకేతికంగా గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. సోప్రానో గొంతు సుమారు 660 హెర్ట్జ్ దాటి పైకి వెళ్లాక అచ్చుల మధ్య తేడాలు చెరిగిపోతాయి. అక్కడ ‘ఇ’ అయినా ‘ఉ’ అయినా ఇంచుమించు ‘ఆ’ లాగే వినిపిస్తుంది. కథకు కీలకమైన మాటను ఆ ఎత్తులో పెడితే అది ఎవరికీ అందదు. ముఖ్యమైన మాటలు మధ్యస్థాయిలో ఉండాలి, పై స్వరాలకు పొడవైన ‘ఆ’, ‘ఓ’ వంటి అచ్చులు ఉన్న మాటలు దక్కాలి. గ్రౌల్‌కు మాత్రం తక్కువ మాటలు, గట్టి హల్లులు ఉన్న పంక్తులు రాయండి.

ఇప్పుడు వాద్యాలను అమర్చే పని. నా దృష్టిలో ఆల్బమ్ బాగుపడేదీ పాడయ్యేదీ ఇక్కడే. నిమిషానికి 72 బీట్ల వేగంలో ఎనిమిది బార్ల పల్లవి ఒకటి ఉందనుకుందాం. మొదటి బార్‌లో గిటార్లు ఒక్కో కార్డ్‌ను పూర్తి బార్ పొడవునా మోగిస్తాయి, వాటిపైన గిటార్ రాగం సాగుతుంది, సోప్రానో ఇంకా మొదలవదు. రెండో బార్ రెండో బీట్‌లో ఆమె గొంతు వస్తుంది. ఆ క్షణం నుంచి గిటార్ రాగం ఆగిపోతుంది, ఎందుకంటే రెండూ ఒకే స్థాయిలో తిరుగుతాయి. కీబోర్డులో బృందగానపు ధ్వని కార్డ్‌లోని పై రెండు స్వరాలను మాత్రమే పట్టుకుంటుంది; కింది స్వరాలు గిటార్ దగ్గర ఎలాగూ ఉన్నాయి. నాలుగో బార్ నాలుగో బీట్ దగ్గర అందరూ ఒక్కసారిగా ఆగుతారు, స్నేర్ డ్రమ్ దెబ్బ ప్రతిధ్వని మాత్రం గాలిలో మిగులుతుంది. అయిదో బార్‌లో గ్రౌల్ ప్రవేశిస్తుంది, అప్పుడు బృందగానం తప్పుకుంటుంది. ఏడో బార్‌లో రెండు గొంతులూ మొదటిసారి కలుస్తాయి. కాగితం మీద ఇది ఖాళీగా కనిపిస్తుంది; స్పీకర్లలో మాత్రం గోడలా నిలబడుతుంది. ఇదే ఎనిమిది బార్లలో అందరూ మొదటి నుంచి చివరి దాకా వాయిస్తే, ఎంత గొప్ప మిక్సింగ్ ఇంజినీరూ దాన్ని కాపాడలేడు.

కీబోర్డు వాయించేవారికి ప్రత్యేకంగా ఒక మాట: ఎడమచేతిని తీసేయండి. ఒంటరిగా వాయించేటప్పుడు చర్చి ఆర్గన్ కింది స్వరాలు ఎంతో గంభీరంగా ఉంటాయి, కానీ బ్యాండ్‌లో అవి బేస్ గిటార్ మీదా కిక్ డ్రమ్ మీదా పడి మూడింటినీ మసకబారుస్తాయి. తంత్రీవాద్యాల ధ్వనిని సాంపుల్ లైబ్రరీలతో (ముందే రికార్డు చేసిన ధ్వనుల సంగ్రహాలతో) చేస్తున్నప్పుడు, పైన ఒక్క నిజమైన వయొలిన్ లేదా చెల్లో వాద్యకారుడి చేత అదే రాగాన్ని వాయింపజేసి కలపండి. ఒక్క మనిషి కమాను ఒరిపిడి కలిస్తే చాలు, యంత్రధ్వని కూడా మనుషుల బృందంలా వినిపిస్తుంది. ఇంగ్లండ్‌లోని మై డయింగ్ బ్రైడ్ తొంభయ్యో దశకం ఆరంభంలోనే వయొలిన్‌ను అలంకారంగా కాక ప్రధాన గొంతుగా వాడి, ఆ వాద్యం ఈ సంగీతంలో ఎంత దూరం వెళ్లగలదో చూపించింది.

బయటి నిర్మాతను పెట్టుకోవాలా వద్దా అన్న ప్రశ్న ఈ దశలో వస్తుంది. స్థోమత ఉంటే పెట్టుకోవాలనే అంటాను. జర్మనీలోని హాగెన్‌లో ఉన్న వుడ్‌హౌస్ స్టూడియోలో నిర్మాత వాల్డెమార్ సోరిహ్తా పనిచేసిన ఆల్బమ్‌లను వరుసగా చూడండి: స్వీడన్ బ్యాండ్ టియామత్ 1994 ఆల్బమ్, పోర్చుగల్ బ్యాండ్ మూన్‌స్పెల్, నెదర్లాండ్స్ బ్యాండ్ ది గ్యాదరింగ్ 1995 ఆల్బమ్‌లు, ఇటలీ బ్యాండ్ లాకునా కాయిల్ 2002 నాటి ‘కోమలీస్’. నాలుగు దేశాల నుంచి వచ్చిన నాలుగు బ్యాండ్లు దేనికది వేరుగా వినిపిస్తాయి, అయినా గొంతుకూ గిటార్‌కూ మధ్య ఖాళీ ఉంచే శ్రద్ధ అన్నిటిలోనూ కనిపిస్తుంది. నిర్మాత చేయవలసిన పని అదే: బ్యాండ్‌లో ఎవరూ తమ భాగాన్ని తగ్గించుకోవడానికి ఒప్పుకోనప్పుడు, తగ్గించమని చెప్పగలగడం.

రికార్డింగ్‌ను డ్రమ్స్‌తో మొదలుపెట్టండి. వేగమైన పాటల్లో దాగిపోయే లోపాలన్నీ నిదానమైన పాటల్లో బయటపడతాయి. రెండు దెబ్బల మధ్య దాదాపు ఒక సెకను మౌనం ఉన్నప్పుడు, డ్రమ్ ఎంతసేపు మోగుతోందో, ఏ శ్రుతిలో మోగుతోందో అందరికీ వినిపిస్తుంది. డ్రమ్‌లకు దెబ్బ పడే పొరలు కొత్తవి వేయించి, టామ్ డ్రమ్‌లను పాట శ్రుతికి దగ్గరగా బిగించి, గది ధ్వనిని పట్టే మైకులను కనీసం రెండు పెట్టండి. ఆ గది ధ్వనే తరువాత మీకు సహజమైన రివర్బ్‌గా ఉపయోగపడుతుంది. మైకులు పెట్టాక మొత్తాన్ని మోనోలో విని, కిక్ గాని స్నేర్ గాని పలుచబడుతోందేమో చూసుకోవాలి. పలుచబడితే మైకుల మధ్య ఫేజ్ (ధ్వని తరంగాల పొందిక) కుదరలేదని అర్థం, దాన్ని అప్పుడే సరిచేయాలి. సాంపుల్స్‌ను అసలు దెబ్బకు తోడుగా కలపవచ్చు, కానీ దాని స్థానంలో పెడితే ప్రతి దెబ్బా ఒకేలా ఉండి నిదానమైన పాట యంత్రంలా తయారవుతుంది.

గిటార్లకు మీరు అనుకున్నదానికంటే తక్కువ డిస్టార్షన్ (ధ్వనిని గరుకుగా మార్చడం) పెట్టండి. ఒకే రిఫ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి, ఒకదాన్ని పూర్తిగా ఎడమకూ మరొకదాన్ని పూర్తిగా కుడికీ పంపిస్తే వెడల్పు వస్తుంది. ఒక టేక్‌నే కాపీ చేసి రెండు వైపులా పెడితే రాదు. నాలుగు పొరలు వేస్తే ఇంకా పెద్దగా ఉంటుందనే నమ్మకం ఈ సంగీతంలో చాలావరకు తప్పు, ఎందుకంటే పొరలు పెరిగేకొద్దీ మీటు స్పష్టత తగ్గి, కీబోర్డులకు చోటు మిగలదు. గిటార్ స్పీకర్ పెట్టె (క్యాబినెట్) ముందు షూర్ ఎస్ఎం57 వంటి డైనమిక్ మైకును స్పీకర్ మధ్యభాగం నుంచి అంచు వైపు కొద్దికొద్దిగా జరుపుతూ విని, గరుకుదనం తగ్గిన చోట ఆపండి. గిటార్ నేరుగా ఇచ్చే శుద్ధ ధ్వనిని కూడా వేరే ట్రాక్‌లో భద్రపరిస్తే, తరువాత అవసరమైతే మళ్లీ యాంప్లిఫయర్ గుండా పంపించవచ్చు. బేస్ గిటార్‌ను రెండుగా విడగొట్టాలి: సుమారు 200 హెర్ట్జ్ కింద శుభ్రమైన ధ్వని, పైన డిస్టార్షన్ కలిపిన ధ్వని. బరువుగా ఉందని మనం అనుకునే గిటార్ ధ్వనిలో సగం నిజానికి ఈ బేస్‌దే.

గాత్రాలకు ఎక్కువ రోజులు కేటాయించండి. సోప్రానోను మైకుకు 30 నుంచి 45 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టాలి. పై స్వరాల దగ్గర ధ్వని ఉన్నట్టుండి పెరుగుతుంది కాబట్టి రికార్డింగ్ మోతాదును ఆ స్వరాలను బట్టే పెట్టుకోవాలి, చరణాన్ని బట్టి కాదు. బారిటోన్ గొంతుకు దీనికి పూర్తి విరుద్ధమైన పద్ధతి కావాలి: ఎనిమిది, పది సెంటీమీటర్ల దగ్గరగా పాడిస్తే మైకు సహజ గుణం వల్ల కింది స్వరాలు నిండుగా వస్తాయి, చెవి దగ్గర చెబుతున్నట్టు ఉంటుంది. గ్రౌల్ చేసేవారు గొంతును వేడెక్కించకుండా మొదలుపెట్టకూడదు. మధ్యమధ్య నీళ్లు తాగుతూ, తరచుగా విరామం తీసుకోవాలి. గొంతు నొప్పి పుడితే ఆ రోజుకు పని అక్కడితో ఆపాలి, ఎందుకంటే నొప్పి తప్పుడు పద్ధతికి సూచన, పట్టుదలకు పరీక్ష కాదు. రెండు గొంతులూ సంభాషించుకునే పాటల్లో ఇద్దరినీ ఒకే రోజు, ఒకరి టేక్ మరొకరు వింటూ పాడేలా చూడండి. విడివిడిగా పాడి అతికించిన సంభాషణలో ఒకరి మాటకు మరొకరి జవాబు సరిగ్గా తగలదు.

మిక్సింగ్‌లో రివర్బ్ ఎంత ఉండాలో లయను బట్టి లెక్క కట్టుకోవచ్చు. నిమిషానికి 72 బీట్ల పాటలో ఒక్కో బీట్ సుమారు 833 మిల్లీసెకన్లు. గొంతుపై పెట్టే రివర్బ్ రెండున్నర సెకన్లలో తగ్గిపోతే అది మూడు బీట్ల పొడవు. తరువాతి బార్ మొదలయ్యేసరికి చోటు ఖాళీ అవుతుంది. రివర్బ్ మొదలవడానికి ముందు 50 మిల్లీసెకన్ల ఆలస్యం పెడితే మాటలు ముందుకు, గది వెనక్కు వెళ్తాయి. ఆ రివర్బ్‌లో 250 హెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసేయాలి, లేకపోతే ఆల్బమ్ మొత్తం బురదలో నడిచినట్టు ఉంటుంది. రెండు రకాల రివర్బ్‌లకు మించి వాడకపోవడం మంచిది: డ్రమ్స్‌కూ గిటార్లకూ చిన్నది, గొంతులకూ కీబోర్డులకూ పెద్దది. గొంతు ఉన్నచోట గిటార్లను 2 నుంచి 3 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో ఒకటి రెండు డెసిబెల్స్ తగ్గిస్తే, గొంతు శబ్దం పెంచకుండానే పైకి తేలుతుంది. మిక్స్‌ను బాగా తగ్గించిన శబ్దంలో వినడం మరిచిపోకండి. అప్పుడు కూడా గొంతు, స్నేర్, గిటార్ రాగం మూడూ వినిపిస్తుంటే పని సరిగా జరిగినట్టే.

పాటల వరుస గురించి మాస్టరింగ్‌కు (మిక్స్‌లను విడుదలకు సిద్ధం చేసే చివరి దశకు) ముందే తేల్చుకోవాలి. ఎనిమిది లేదా తొమ్మిది పాటలు, మొత్తం 45 నుంచి 50 నిమిషాలు ఉంటే నిదానమైన సంగీతానికి సరిపోతుంది. ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో ఉన్న రెండు పాటలు పక్కపక్కన రాకూడదు. వాద్యాలతో మాత్రమే సాగే ప్రారంభ ఖండిక పెట్టాలని ఉంటే ఒక నిమిషంలో ముగించండి. గాలి శబ్దం, గంటల మోతలతో మూడు నిమిషాలు గడిపే ఆల్బమ్‌ల పట్ల నాకు పెద్దగా ఓపిక లేదు. ఎల్‌పీ రికార్డుగా కూడా తేవాలనుకుంటే, ఒక్కో వైపు సుమారు 22 నిమిషాలు దాటితే శబ్దస్థాయి, కింది ధ్వని తగ్గించవలసి వస్తుంది కాబట్టి పాటలను రెండు సగాలుగా ముందే విడదీసి చూసుకోవాలి.

మాస్టరింగ్‌లో శబ్దాన్ని విపరీతంగా పెంచాలన్న ఒత్తిడికి లొంగవద్దు. స్పాటిఫై వంటి సేవలు మామూలుగా పాటలన్నిటినీ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (శబ్దం ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తాయి, అంటే మీరు ఎంత పెంచినా అక్కడ తగ్గిపోతుంది, పోయిన ఎత్తుపల్లాలు మాత్రం తిరిగి రావు. నాలుగో బార్ చివర అందరూ ఆగిన ఆ మౌనం, తరువాతి దెబ్బ కంటే నిజంగా తక్కువ శబ్దంతో ఉన్నప్పుడే పనిచేస్తుంది. శిఖరస్థాయిని మైనస్ 1 డెసిబెల్ దగ్గర ఆపమని, పాటల మధ్య విరామాలను మీరు రాసి ఇచ్చిన సెకన్ల ప్రకారమే ఉంచమని మాస్టరింగ్ ఇంజినీరుకు స్పష్టంగా చెప్పండి.

పని పూర్తయ్యాక ప్రతి పాటకూ గాత్రం లేని మిక్స్‌ను, కీబోర్డులు, బృందగానం, తంత్రీవాద్యాల ట్రాకులను విడివిడిగా 24 బిట్ ఫైళ్లుగా, ఆ పాట క్లిక్ ట్రాక్‌తో సహా రెండు వేర్వేరు డిస్కుల్లో భద్రపరచండి. వేదిక మీద అయిదుగురు వాయించలేని భాగాలను ప్రదర్శనలో వెనుక నుంచి వినిపించాలంటే ఇవే కావాలి. సెషన్ తెరిచిన సాఫ్ట్‌వేర్, సాంపుల్ లైబ్రరీలు కొన్నేళ్లకు మారిపోతాయి కాబట్టి, వాటి మీద ఆధారపడకుండా మామూలు వేవ్ ఫైళ్లుగానే దాచాలి.